ముందు నీ చేతుల సంగతి చూసుకో, చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ గుడి కిందికి వచ్చే విచారణలో సగం ఇళ్లలో జ్వరాలూ దగ్గులేనట కదా. ఈ ఆదివారం పూజలో షేక్‌హ్యాండ్లు వద్దు, తీర్థజలం తొట్టి ఖాళీ, సత్ప్రసాదపు అప్పం నాలుక మీద కాక చేతిలోనే, సిలువను ఎవరూ ముట్టుకోవద్దు అని నువ్వే చెప్పబోతున్నావట. మా అన్నయ్య కొడుకు పీఠం దగ్గర నిలబడి జనం ఆరోగ్యం గురించి మాట్లాడతాడంటే నాకెంత గర్వమో. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను. నలుగురిలో నిన్ను ఫాదర్ గారూ అనే పిలుస్తాను. ఈ కాగితం మీద మాత్రం మేనత్తనే.

ముందు విచారణ గురువులతో మాట్లాడు. నువ్వు సహాయ గురువువి, ఆయనకు తెలియకుండా మైకులో ఏదీ చెప్పకు. సబ్బు, శానిటైజరు, మాస్కుల గురించి నేను చెప్పక్కర్లేదు. కానుకల సంచి చేతులు మారకుండా గుమ్మం దగ్గర పెట్టె పెట్టించు. తీర్థజలం తొట్టి తీసేస్తే, పూజ మొదట్లో నువ్వే నీళ్లు చిలకరించు. జనం తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలు ఆ ఇరుకు గదిలో వినకు, గాలి వచ్చే వరండాలో కుర్చీ వేసుకో.

పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, తెలుపుకొనే దగ్గర మాటను ‘వద్దు’తో మొదలుపెట్టకు. చేతులు జోడించడం మనకు కొత్తేం కాదు. 1969లోనే మన దేశపు పూజల్లో అంజలితో సమాధానం తెలుపుకోవచ్చని రోము అనుమతి ఇచ్చింది. ఆ మాట చెప్పు, పెద్దవాళ్లు సంతోషిస్తారు. వస్తువుల్ని ముద్దు పెట్టుకునే బదులు చేత్తో తాకి కళ్లకద్దుకోవచ్చని కూడా అప్పుడే ఒప్పుకున్నారు. నర్సుగా నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. మనవాళ్లు సిలువను తాకినా, మాత పాదాలను తాకినా ఆ చెయ్యి నేరుగా కళ్ల మీదికే పోతుంది. ఫ్లూ క్రిమి గట్టి వస్తువుల మీద ఒకటి రెండు రోజులైనా ఉంటుంది. కళ్లూ, ముక్కూ, నోరూ దానికి తలుపులు. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత తిరునాళ్లకు నిన్ను కూడా పాపసంకీర్తనాలకు పిలుస్తారు. అక్కడ ఆ జనంలో ఎన్ని చేతులు కళ్లకు అద్దుకుంటాయో ఒక్కసారి చూడు. తాకొద్దని కసరకు. దూరం నుంచి దణ్ణం పెట్టుకున్నా ఆ తల్లికి అందుతుందని చెప్పు.

సత్ప్రసాదం చేతిలోనే తీసుకోవాలని నీ అంతట నువ్వు శాసించకు. నాలుక మీద తీసుకునే హక్కు విశ్వాసికి ఉంది. అలాంటి ఆంక్ష పెట్టాలంటే బిషప్ గారి నుంచి మాట రావాలి. అంతవరకు చేతిలో తీసుకోమని బతిమాలు, నాలుక మీదే కావాలన్నవాళ్లను వరస చివర్లో రమ్మను, ఒక్కొక్కరి తర్వాత చేతులు శుభ్రం చేసుకో. శానిటైజరు పూర్తిగా ఆరాకే అప్పం ముట్టుకో. తడి వేళ్లకు అంటుకుని చిట్లుతుంది. ఆ తడి చేతులతో కొవ్వొత్తి దగ్గరికి అస్సలు పోవద్దు, అది స్పిరిట్‌, అంటుకుంటుంది. రోగులకు నూనె పూయాల్సి వస్తే దూదితో పూయడానికి చర్చి చట్టంలో వీలుందని నీకు సెమినరీలో చెప్పే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు జనం చేతుల గురించే ఆలోచిస్తున్నావు. పూజలో రెండు వందల మంది దగ్గరికి వెళ్లే చెయ్యి నీది ఒక్కటే.

2015లో స్వైన్ ఫ్లూ భయం గుర్తుందా? నేను రిటైరైన రెండో ఏడు. నెలనెలా మొదటి శుక్రవారాల్లో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు సత్ప్రసాదం తీసుకెళ్లేదాన్ని. ఏడు ఇళ్లు. ఆ ఫిబ్రవరిలో శుక్రవారం పొద్దున లేస్తే ఒళ్లు కాలిపోతోంది. పారాసిటమాల్ వేసుకున్నాను, గంటలో చెమట పట్టింది, తగ్గిందనుకుని బయల్దేరాను. మాత్ర వేడిని దించుతుందే గానీ క్రిమిని చంపదని ముప్పై ఏళ్లు రోగులకు చెప్పినదాన్ని.

చివరి ఇల్లు ఒక పెద్దావిడది. ఎనభై దగ్గర పడ్డ మనిషి, పిల్లలు దూరాన. నేను వెళ్లేసరికి తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. అద్దుకుని, వదలకుండానే, “చేతులింత వేడిగా ఉన్నాయేంటమ్మా?” అంది. ఎండలో నడిచొచ్చానన్నాను. సత్ప్రసాదం ఉన్న డబ్బీ, పిక్స్, పట్టుకుని ఉన్న మనిషిని, అబద్ధమాడాను. ఆమె నోరు తెరిచింది. నా వేలు ఆమె కింది పెదవికి తగిలింది. ఆ తగలడం ఇప్పటికీ ఈ వేలికి తెలుస్తుంది.

సోమవారం ఆమెకు జ్వరం. గురువారానికి ఆయాసం. ఆసుపత్రిలో చేర్చారు, తిరిగి ఇంటికి రాలేదు.

మిగతా ఆరుగురికీ ఏమీ కాలేదు. ఊరంతా జ్వరాలున్న నెల అది, నా వల్లేనని ఏ డాక్టరూ అనలేదు. నేను మాత్రం ఆమె శవపేటిక వెనక నడుస్తూ తల ఎత్తలేదు. పాపసంకీర్తనంలో తప్ప ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకు కూడా. నేను వెళ్లకపోతే ఆ ఏడుగురూ ఎదురుచూస్తారే అనుకున్నాను ఆ పొద్దున. ఒక్క ఫోన్ చేస్తే సిస్టర్లు వెళ్లేవాళ్లు. నేనే వెళ్లాలన్న పంతం నాది.

ఆ పంతం నీకూ ఉంది. కామెర్లతో పరీక్ష రాసినవాడివి. మీ అమ్మ ఏడుస్తుంటే “దేవుడు చూసుకుంటాడులే” అన్నావు! వినరా, ఒంట్లో నలతగా ఉంటే పూజ చెయ్యకు. విచారణ గురువులకు చెప్పి గదిలో పడుకో. లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే ఫ్లూ అంటిస్తుంది, కాబట్టి గొంతు గరగరలాడినా మాస్కు తియ్యకు. జ్వరమున్నవాళ్లు ఆదివారం పూజకు రాకపోతే పాపం కాదని చర్చి సత్యోపదేశ గ్రంథంలోనే ఉంది. అది మైకులో రెండుసార్లు చెప్పు. పాపమని భయపడి దగ్గుతూ వచ్చేవాళ్లు ఎంతమందో నీకు తెలియదు.

ఇంకొక్క మాట. మీ గుడిలో కూడా ముందు బెంచీలో కూర్చునే ముసలివాళ్లు ఉంటారు. వారం మొత్తంలో వాళ్ల తల మీద పడే చెయ్యి నీదే అయి ఉండొచ్చు. ఈ వారం అదీ ఉండదు. పూజయ్యాక గుమ్మం బయట ఎడంగా నిలబడు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించు, చెయ్యి తల పైన గాలిలో ఉంచి దీవించు. తొందరపడకు. పేర్లు రాకపోతే శనివారం లోపు ఉపదేశి గారిని అడిగి నేర్చుకో.

మీ నాన్న ఆదివారం మొదటి బస్సుకే విజయవాడ వస్తాడు. సున్నుండల డబ్బాలో థర్మామీటరు పెట్టి పంపుతున్నాను. పూజ బట్టలు వేసుకోకముందే చూసుకో. ఎంత ఉందో అంకె ఫోన్‌లో పంపు, బాగానే ఉన్నానని మాత్రం రాయకు.

మీ అత్త
గుంటూరు