సైనిక కుటుంబాల కోసం సైకిల్ యాత్ర: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాజీ సైనికుల కుటుంబాల సహాయార్థం జరిగే ఆరు రోజుల సైకిల్ యాత్రకు పేరిచ్చాను. రోజుకు వంద కిలోమీటర్లు తొక్కాలి. నా వయసు 44, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. సెలవు రోజున నలభై కిలోమీటర్ల దాకా తొక్కగలను. ఇంకా నాలుగు నెలల టైముంది. నా కాళ్లు అంత దూరం సహకరిస్తాయా అని ఒకటే టెన్షన్.

జవాబు: కాళ్లకు నాలుగు నెలలు చాలు, వాటి గురించి బెంగ వద్దు. ఇలాంటి యాత్రల్లో నేను గుంపుకు చివరన తొక్కుతాను. వెనకబడ్డవాళ్లను కనిపెట్టుకుని ఉండటమే నా పని. అక్కడ ఎక్కువగా చూసేది కూర్చునే చోట ఒరుసుకుపోయిన చర్మం, తిమ్మిరెక్కిన చేతులు, ఖాళీ కడుపు. ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కి ఇంటికెళ్లి పడుకోవడం వేరు, మర్నాడు పొద్దున్నే అదే ఒంటితో మళ్లీ సీటెక్కడం వేరు. అందుకే శని, ఆదివారాలు రెండూ వరసగా తొక్కండి. ఆదివారం దూరం తక్కువైనా ఫర్వాలేదు, ఒళ్లు నొప్పులుండగా సైకిలెక్కడం అలవాటు కావాలి. దూరాన్ని వారానికి పదో వంతు చొప్పున పెంచుకుంటూ పోండి, తొందరపడితే మోకాళ్లు మొరాయిస్తాయి.

ప్యాడింగ్ ఉన్న సైకిల్ నిక్కరు కొనుక్కోండి. దాని లోపల ఇంకేమీ వేసుకోకండి, లోదుస్తుల కుట్లే చర్మాన్ని కోసేస్తాయి. సీటు మరీ మెత్తగా ఉంటే మొదట హాయిగా ఉంటుంది కానీ, గంటలు గడిచేకొద్దీ ఎముకలు అందులోకి దిగబడి బరువంతా పక్కనున్న మెత్తని భాగాల మీద పడుతుంది. పెడల్ బాగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు ఎత్తు చూసుకోండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఉన్న నరం నలుగుతున్నట్టు. హ్యాండిల్ మీద చేతుల చోటు మారుస్తూ ఉండండి.

తిండి విషయంలో చాలామంది ఆకలేసేదాకా ఆగుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. ఇంకో మాట, మొదటి రోజు ఉత్సాహంలో వేగంగా పోయేవాళ్ల వెంట పడకండి. మీ వేగంతో సరిపోయే గుంపులో చేరి వాళ్ల వెనక తొక్కితే ఎదురుగాలి దెబ్బ చాలా తగ్గుతుంది.

ప్రశ్న: విరాళం అడిగితే మా ఆఫీసులో ఒకాయన, 'మీ విహారయాత్రకు మేమెందుకు డబ్బులివ్వాలి?' అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

జవాబు: ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నే. మీ బస, భోజనం, వెంట వచ్చే వ్యాను, ఈ ఖర్చులు ఎవరి జేబులోంచి పోతున్నాయో ముందు నిర్వాహకులను అడగండి. చక్కగా నడిచే చోట తొక్కేవాళ్లు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టుకుని ఆ ఖర్చు తామే భరిస్తారు, విరాళాల లెక్క విడిగా ఉంటుంది. మీ యాత్రలో అలా ఉంటే ఆయనకు ఆ కాగితం చూపించండి. లేకపోతే మీ ఖర్చు మీరే కట్టేసి, అప్పుడు చెయ్యి చాపండి. సంస్థ ప్రచురించిన వార్షిక లెక్కలు కూడా చూడండి. విరాళాల సేకరణకే ఎంత ఖర్చయింది, కుటుంబాలకు చేరింది ఎంత అన్నది అందులో తెలుస్తుంది.

తొక్కడం వల్ల ఒరిగేదేమిటి అని ఆయన అడిగితే ఇది చెప్పండి. 2004లో క్రిస్ కార్నీ అనే ఆయన గాయపడిన సైనికుల కోసం అమెరికాను ఒక సముద్ర తీరం నుంచి ఇంకో తీరం దాకా సైకిల్ మీద దాటాడు. సోల్జర్ రైడ్ అనే సైకిల్ యాత్ర అలా మొదలైంది. తర్వాత కాళ్లు పోగొట్టుకున్న సైనికులే చేతులతో తిప్పే సైకిళ్ల మీద అందులో తొక్కారు. గాయపడిన సైనికులకు సాయపడేందుకు బ్రిటన్‌లో 2007లో పుట్టిన హెల్ప్ ఫర్ హీరోస్ సంస్థ మరుసటి ఏడాదే పాత యుద్ధభూముల మీదుగా సైకిల్ యాత్ర పెట్టింది. ఊరికే డబ్బాలు పట్టుకుని నిలబడితే పలకని మనుషులు, అంత దూరం తొక్కుతున్నారంటే ఎవరి కోసమని అడుగుతారు. ఆ అడగడమే మనకు కావాలి.

ప్రశ్న: మావారు సైన్యంలో పనిచేస్తూ చనిపోయారు. ఒక సైకిల్ యాత్ర వాళ్లు మా అమ్మాయి చదువుకు సాయం చేస్తామన్నారు. చివరి రోజు మేమిద్దరం వేదిక మీదికి రావాలట. ఆయన ఫొటో జెర్సీల మీద వేయిస్తామంటున్నారు. మంచి మనసుతోనే అడుగుతున్నారు, కాదనలేకపోతున్నాను. అమ్మాయికి పన్నెండేళ్లు. తను రానంటోంది.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రానంటే రానక్కర్లేదు. మీకూ ఇష్టం లేకపోతే మీరూ వెళ్లక్కర్లేదు. సాయానికీ వేదికకూ ముడిపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఫీజు కట్టే డబ్బు మీ కన్నీళ్లు చూపించి తీసుకోవలసింది కాదు, ఆయన సేవకు గౌరవంగా మీ ఇంటికి రావలసింది. ఈ మాట తొక్కేవాళ్ల తరఫున నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మాలో చాలామందికి ఇది తట్టదు. అన్ని రోజులు తొక్కి చేరాక, ఎవరి కోసం తొక్కామో వాళ్లను చూడాలని ఆశ పుడుతుంది. ఆ ఆశ మాది. దాన్ని తీర్చే పూచీ మీది కాదు.

ఒక యాత్రలో ఒక్కొక్కరి సీటు కింద అమరుడైన ఒక్కో సైనికుడి పేరున్న కార్డు కట్టారు. ఒక తల్లి వేదిక వద్దన్నారు, మధ్యాహ్నం ఆగే చోట నీళ్లు పడతానన్నారు. వచ్చినవాళ్ల బాటిళ్లు నింపుతూ నింపుతూ, ఒక కుర్రాడి సైకిల్ దగ్గర ఆగారు. కొడుకు పేరున్న కార్డు వానకు తడిసి మడతపడింది. చీర కొంగుతో తుడిచి, వేళ్లతో సాపు చేసి, మళ్లీ బిగించి కట్టారు. తర్వాత ఆ కుర్రాడిని 'ఎదురుగాలి బాగా ఉందా బాబూ?' అని అడిగారు. వాడు గాలి గురించి, దాటాల్సిన ఎత్తు గురించి చెప్పాడు. ఇద్దరూ అవే మాట్లాడుకున్నారు. ఆమె ఎలా ఉండాలనుకున్నారో అలా ఉండనిచ్చారు, నాకు నచ్చింది అదే.

మీరు నిర్వాహకులకు ఒక చిన్న ఉత్తరం రాయండి. సాయానికి కృతజ్ఞతలు చెప్పండి, వేదిక మీదికి రాలేమని చెప్పండి, కారణాలు రాయకండి. ఫొటో వద్దనుకుంటే పేరు, హోదా మాత్రం వేయమనండి, అక్షరాలు తప్పు పోకుండా మీరే రాసివ్వండి. అమ్మాయి పేరు, బడి పేరు, బొమ్మ ఎక్కడా రాకూడదని విడిగా ఒక వాక్యం పెట్టండి. చదువు సాయం ఎన్నేళ్లు, ఏటా ఏ నెలలో అందుతుంది అన్నది రాతపూర్వకంగా అడగండి, మొహమాటపడకండి. ఎప్పటికైనా మీ అమ్మాయికి తొక్కేవాళ్లను చూడాలనిపిస్తే, ఏ మలుపు దగ్గరో జనంలో నిలబడి చూడొచ్చు, తను ఎవరన్నది మాకు తెలియనక్కర్లేదు.

జెర్సీలు అచ్చుకు ముందుగానే వెళ్లిపోతాయి. ఉత్తరం ఈ వారమే పంపండి.