పాత టేప్ ఇమేజ్ నుంచి ఫైళ్లు తీయాలంటే అక్షరాల మార్పిడి చివర్లో చేయండి

1980ల నాటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ టేపును ఎవరో డాట్ ట్యాప్ (.tap) ఇమేజ్‌గా, అంటే టేపులోని డేటా మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసిచ్చారు, దాన్ని డీడీ కమాండ్‌తో ఎబ్సిడిక్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల అక్షర కోడ్) నుంచి మామూలు ఆస్కీకి మారిస్తే కొంత అర్థమవుతోంది, మధ్యమధ్యలో చెత్త వస్తోంది, టేపే పాడైందా అని కదా మీ ప్రశ్న. టేపు బాగానే ఉండి ఉంటుంది. మా ల్యాబ్‌లో రిటైరైన ఒక ప్రొఫెసర్ వదిలేసి వెళ్లిన టేపుల ఇమేజ్‌లు నా నెత్తిన పడ్డప్పుడు నేనూ ఇదే చూశాను, చెత్త అనుకున్నదాంట్లో చాలా భాగం నిజానికి రికార్డుల పొడవులు.

డాట్ ట్యాప్ (పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్‌హెచ్ ప్రోగ్రామ్ రకం) లోపల ప్రతి రికార్డుకూ ముందు 4 బైట్లలో పొడవు, తర్వాత డేటా, మళ్లీ అదే పొడవు ఇంకో 4 బైట్లలో ఉంటుంది. డేటా బేసి సంఖ్యలో ఉంటే ఒక బైట్ అదనంగా కలుపుతారు, స్క్రిప్ట్ రాసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. పొడవు 4 సున్నా బైట్లయితే అది టేప్ మార్క్, అంటే ఫైళ్ల మధ్య సరిహద్దు గుర్తు. హెక్స్ వ్యూయర్‌లో తెరవండి. లేబుల్ (టేపు, ఫైళ్ల వివరాలు చెప్పే రికార్డులు) ఉన్న టేపయితే మొదటి రికార్డు 80 బైట్లు, అంటే హెక్స్‌లో 50 00 00 00 తో మొదలవ్వాలి. ఎబ్సిడిక్‌లో 50 అంటే '&', మీ అవుట్‌పుట్‌లో ఆ గుర్తులు కనిపిస్తుంటే అవి ఎక్కడివో ఇప్పుడు తెలిసింది కదా. కానీ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ని పీసీలో అనుకరించే హెర్క్యులిస్ వాడే ఏడబ్ల్యూఎస్ ఫార్మాట్ కూడా సరిగ్గా ఇదే 50 00 00 00 తో మొదలవుతుంది, దాంట్లో హెడర్ 6 బైట్లు. 84వ ఆఫ్‌సెట్ దగ్గర 50 00 00 00 వెంటవెంటనే రెండుసార్లు వస్తే సిమ్‌హెచ్, లేకపోతే హెర్క్యులిస్‌తో వచ్చే హెట్‌గెట్ టూల్ వాడండి, స్క్రిప్ట్ గొడవే ఉండదు. (13 00 తో మొదలైతే మాత్రం అది స్పెక్ట్రమ్ హోమ్ కంప్యూటర్ క్యాసెట్ గేమ్ అయి ఉండొచ్చు, దానికీ డాట్ ట్యాప్ అనే పేరే పెట్టారు మహానుభావులు.)

సిమ్‌హెచ్ అయితే చిన్న పైథాన్ స్క్రిప్ట్ చాలు. పొడవు చదువు, డేటా తీసి పెట్టుకో, వెనక పొడవు సరిపోయిందో లేదో చూడు, టేప్ మార్క్ వస్తే కొత్త ఫైల్ తెరువు. పొడవులో అన్నిటికన్నా పై బిట్ ఆన్ అయి ఉంటే ఆ రికార్డు చదివేటప్పుడు ఎర్రర్ వచ్చిందని అర్థం, దాన్ని పారేయకండి, పక్కన రాసుకోండి. టేప్ మార్కులు రెండు వరసగా వస్తే టేపు అయిపోయిందని చాలామంది ఆపేస్తారు. ఖాళీ ఫైలు ఉన్నా రెండు వరసగానే వస్తాయి, పైగా తిరిగి వాడిన టేపులో ఆ తర్వాత పాత ఫైళ్ల తోక మిగిలి ఉండొచ్చు, కాబట్టి ఇమేజ్ చివరి బైట్ దాకా వెళ్లండి.

ఇప్పుడు లేబుళ్లు. ఈ 80 బైట్ల రికార్డులను మాత్రం నిశ్చింతగా ఆస్కీకి మార్చుకోవచ్చు. హెచ్‌డీఆర్1 (HDR1) అనే లేబుల్లో 5వ స్థానం నుంచి 17 అక్షరాలు ఫైల్ పేరు (డేటాసెట్ పేరు పొడుగ్గా ఉంటే చివరి 17 మాత్రమే దొరుకుతాయి), 42వ స్థానం నుంచి తేదీ. అక్కడ ఖాళీ తర్వాత 84123 అని ఉంటే 1984లో 123వ రోజు, అంటే మే 2. అసలు బంగారం హెచ్‌డీఆర్2: 5వ స్థానంలో రికార్డు రకం, 6 నుంచి బ్లాక్ (ట్యాప్ ఫైల్లోని ఒక రికార్డు, అందులో అసలు రికార్డులు చాలా ఉండొచ్చు) పొడవు, 11 నుంచి రికార్డు పొడవు, రెండూ అయిదేసి అంకెలు. రకం ఎఫ్ (అన్ని రికార్డులూ ఒకే పొడవు) అయితే బ్లాకును ఆ రికార్డు పొడవు ముక్కలుగా కోసి, ప్రతి ముక్క చివర లైన్ బ్రేక్ మీరే పెట్టాలి, టేపులో అది ఉండదు. వీ (రికార్డుకో పొడవు) అయితే బ్లాకు మొదట్లో 4 బైట్లు, ప్రతి రికార్డు మొదట్లో ఇంకో 4 బైట్లు పొడవు కోసం ఉంటాయి, ఇవి పెద్ద బైట్ ముందు వచ్చే పద్ధతిలో, ట్యాప్ ఫైల్ పొడవులేమో చిన్న బైట్ ముందు. ఒకే ఫైల్లో రెండు పద్ధతులు, తలనొప్పి గ్యారంటీ.

ఇదంతా అయ్యాకే అక్షరాలు. సోర్స్ కోడ్, ఉత్తరాల లాంటివైతే అక్షరాలు మార్చే ఐకాన్వ్ కమాండ్‌లో ఐబీఎం037 (ఎబ్సిడిక్‌లో ఒక రకం) పెట్టండి, చదరపు బ్రాకెట్లు తేడాగా వస్తే 1047 ప్రయత్నించండి. డేటా ఫైలయితే మొత్తాన్ని ఒకేసారి మార్చకండి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న బ్యాచ్‌కి కాంప్-3 (సంఖ్యను బైటుకు రెండంకెలుగా కుదించే పద్ధతి) గుర్తుండే ఉంటుంది: 12345 అనే సంఖ్య మూడు బైట్లలో 12, 34, 5సీ అని కూర్చుంటుంది, ఆ చివరి సీ అంటే ప్లస్, డీ అయితే మైనస్. అక్షరాల మార్పిడికి ఇవేవీ తెలీవు, 5సీ ని '*' అనుకుని 2ఏ చేసేస్తుంది, ఆ సంఖ్య పోయినట్టే. రికార్డు లేఅవుట్ కాగితం దొరికితే అదృష్టం, లేకపోతే అదే టేపులో కోబాల్ ప్రోగ్రామ్ ఏదైనా ఉందేమో వెతికి, అందులో డేటా డివిజన్ (ఫీల్డుల వివరాలుండే భాగం) చూసి ఫీల్డ్ ఫీల్డ్‌గా విడగొట్టండి.

హెచ్‌డీఆర్2 లైన్, మొదటి డేటా బ్లాకులో ఓ 200 బైట్ల హెక్స్ ఇక్కడ పెడితే రికార్డు రకం ఏంటో చూసి చెప్తాను.