‘కనుగొనబడలేదు’ అనాలా, ‘దొరకలేదు’ అనాలా?

సందేహం: పుస్తకాల జాబితా కోసం ఒక చిన్న వెబ్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు అడిగితే నెట్ ద్వారా జవాబిచ్చే ప్రోగ్రాము) తయారు చేస్తున్నాను. వెనకాల రిలేషనల్ డేటాబేస్, అంటే సమాచారాన్ని టేబుళ్లలో దాచేది, ఉంది. పుస్తకాలకో టేబుల్, సభ్యులకో టేబుల్. సందేశాలు తెలుగులో ఉండాలని ‘పుస్తకం విజయవంతంగా జోడించబడింది’, ‘వినియోగదారుడు కనుగొనబడలేదు’ అని రాశాను. చూసినవాళ్లు ఇది తెలుగులా లేదంటున్నారు. ఇందులో వ్యాకరణ దోషం ఏమైనా ఉందా? ‘రిలేషనల్’ను ‘బాంధవ్య’ అనవచ్చా?

సమాధానం: దోషం లేదండీ. క్రియకు ‘బడు’ చేర్చి కర్మణి వాక్యం రాయడాన్ని వ్యాకరణం ఒప్పుకుంటుంది. నోరే ఒప్పుకోదు. తాళంచెవి కోసం ఇల్లంతా వెతికినవాళ్లు ‘దొరకలేదు’ అంటారు గానీ ‘కనుగొనబడలేదు’ అనరు కదా. అలాగని ‘బడు’ కనిపించిన ప్రతిచోటా కొట్టేయకండి. కనబడు, వినబడు మనం రోజూ అనే మాటలే.

అసలు ఈ ‘బడు’ అవసరం మనకు తక్కువ. చేర్చు–చేరు, మార్చు–మారు, కలుపు–కలియు అని చాలా క్రియలు జంటలుగా ఉన్నాయి. ఒకరు చేస్తే ‘చేర్చారు’, పని అయితే ‘చేరింది’. కాబట్టి టేబుల్‌లో కొత్త వరుస పడగానే ‘పుస్తకం జాబితాలో చేరింది’ అంటే చాలు. ‘విజయవంతంగా’ తీసేయండి. చేరిందంటేనే పని అయిందని, పైగా జవాబుతో పాటు సర్వర్ పంపే 201 (కొత్తది తయారైంది) అనే కోడ్ ఆ ముక్క ముందే చెప్పేసింది. ‘జోడించు’ కూడా ఇక్కడ నాకు నచ్చలేదు. అందులో ‘జోడు’ ఉంది. చేతులు జోడిస్తాం, జాబితాలో పేరు చేరుస్తాం.

తొలగించు విషయంలో మాత్రం జాగ్రత్త. ‘పుస్తకం తొలగిపోయింది’ అంటే దానంతటదే పోయినట్టుంటుంది, చదివినవాళ్లకు టెన్షన్. ఇక్కడ ‘తీసేశాం’ అనండి. ఎవరు చేశారో చెప్పడం ఇష్టం లేకపోతే కర్త లేకుండా బహువచనం వాడుకోవచ్చు: ‘ఈ ఖాతాను నిలిపేశారు’. కర్మణి వాక్యం చేసే పనే ఇదీ చేస్తుంది, చప్పుడు లేకుండా.

మీరు అడగనిది ఒకటుంది, అసలు చిక్కు అక్కడే వస్తుంది. పేరు డేటాబేస్ నుంచి వస్తుంది, విభక్తి మీ కోడ్‌లో ఉంటుంది. వచ్చిన పేరుకు ‘ను’ అతికిస్తే ‘కుర్చీ’కి ‘కుర్చీను’ వస్తుంది, కావలసింది ‘కుర్చీని’. ‘పటం’ ‘పటంను’ అవుతుంది, కావలసింది ‘పటాన్ని’. ‘కథలు’ అయితే మరీ ఘోరం, ‘కథలును’! ఇన్ని సంధులూ విభక్తులూ ప్రోగ్రాముకు నేర్పే బదులు మధ్యలో ‘అనే’ పెట్టండి: ‘కథలు’ అనే పుస్తకాన్ని తీసేశాం. ఇప్పుడు విభక్తి మీకు ముందే తెలిసిన ‘పుస్తకం’ మీద పడింది. డేటాబేస్ నుంచి ఏ పేరు వచ్చినా ఉన్నది ఉన్నట్టు కూర్చుంటుంది. ‘చేరింది’ వాడినా ఇదే లాభం, ప్రథమా విభక్తే కాబట్టి అతికించాల్సింది ఏమీ లేదు.

మనుషుల పేర్లకు లింగం బెడద ఉంది. ‘వినియోగదారుడు’ అనగానే మగవాడని తేల్చేశారు. అడిగింది దొరకలేదని చెప్పే 404 కోడ్ పంపేటప్పుడు ‘ఈ నంబరుతో సభ్యులెవరూ లేరు’ అంటే ఆ గొడవ ఉండదు. ఒకే ఈమెయిల్ రెండోసారి వచ్చి యునీక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు ఉండకూడదన్న డేటాబేస్ నియమం) అడ్డుపడితే ‘ఈ ఈమెయిల్‌తో ఇప్పటికే ఒక ఖాతా ఉంది’ అనండి. ‘నకిలీ నమోదు’ అని రాసేవాళ్లున్నారు. నకిలీ అంటే దొంగది. పాపం, రెండుసార్లు బటన్ నొక్కినవాణ్ణి దొంగను చేస్తామా?

లెక్క చెప్పేచోట ‘1 పుస్తకాలు దొరికాయి’ అని రాకుండా ‘దొరికిన పుస్తకాలు: 1’ అని తిప్పి రాయండి.

ఇక ‘బాంధవ్య’ వద్దు. టేబుళ్ల మధ్య చుట్టరికాల వల్ల ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ఈ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు ‘రిలేషన్’ అన్న మాటను గణితం నుంచి తీసుకున్నాడు. మనం టేబుల్ అంటున్నదే ఆయన లెక్కలో రిలేషన్. టేబుల్‌ను పట్టిక అనండి, హాయిగా ఉంటుంది. రిలేషనల్‌ను అలాగే ఉంచేయండి.