వేగం తగ్గుతోందని రిలీజ్ బిల్డ్‌లో కంపైలర్ సెక్యూరిటీ ఆప్షన్లు తీసేయవచ్చా?

తీసేయకూడదు. ప్రోగ్రామ్ నెమ్మదించినప్పుడు ఆ భారం చాలావరకు ఏదో ఒక్క ఫంక్షన్ మీదే పడి ఉంటుంది. దాన్ని వెతికే ఓపిక లేనివారే ఆప్షన్లన్నిటినీ ఒక్కసారిగా తీసేస్తారు.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నేను పనిచేసిన ఒక సంస్థలో నెట్‌వర్క్ ప్యాకెట్లను తనిఖీ చేసే సీ ప్రోగ్రామ్ ఉండేది. జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌కు మారినప్పుడు, విలువ ఇవ్వని లోకల్ వేరియబుల్స్‌ను సున్నాలతో నింపే కొత్త ఆప్షన్‌ను కూడా చేర్చారు. లోడ్ టెస్టులో వేగం బాగా పడిపోయింది. రిలీజ్ దగ్గరపడటంతో, స్టాక్ ప్రొటెక్టర్‌తో సహా అన్నీ తీసేయాలని మేనేజర్ పట్టుబట్టారు. మా టీమ్‌లోని కర్నూలు పెద్దాయన మాత్రం "ముందు పెర్ఫ్ పెట్టి చూడండి సార్, తీసేయడానికేముంది, ఎప్పుడైనా తీసేయవచ్చు" అన్నారు. ఏ కోడ్ దగ్గర ఎంత సమయం పోతోందో చూపే ఆ పెర్ఫ్ టూల్‌తో చూస్తే, ప్యాకెట్ చదివే ఫంక్షన్ మొదట్లోనే మెమరీని సున్నాలతో నింపే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర సమయమంతా పోతోంది. ముక్కలుగా వచ్చే ప్యాకెట్లకు మాత్రమే అవసరమయ్యే 16 కేబీ బఫర్ (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ) అక్కడ ఉంది. అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి ప్యాకెట్‌కూ అది మొత్తం నిండుతోంది. రాసినంత మేరకే చదువుతున్నామని నిర్ధారించుకుని, ఆ ఒక్క బఫర్‌కు, సున్నాలతో నింపవద్దని కంపైలర్‌కు చెప్పే అన్‌ఇనిషియలైజ్డ్ అనే ఆట్రిబ్యూట్ పెట్టాము. వేగం తిరిగి వచ్చింది, మిగతా రక్షణ అంతా అలాగే ఉంది.

అనవసరంగా నింద మోసిన స్టాక్ ప్రొటెక్టర్ చేసే పని, ఫంక్షన్ మొదట్లో ఒక రహస్య విలువను స్టాక్‌లో (ఫంక్షన్ లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీలో) ఉంచి, తిరిగి వెళ్లే ముందు బఫర్ హద్దు దాటి రాయడం వల్ల అది మారలేదని సరిచూడటం మాత్రమే. అన్ని ఫంక్షన్లకూ పెడితే భారమవుతుందనే, ప్రమాదానికి ఆస్కారమున్న వాటిని ఎంచుకునే 'స్ట్రాంగ్' రకం 2014లో జీసీసీ 4.9తో వచ్చింది. ప్రోగ్రామ్‌ను మెమరీలో ఏ అడ్రసులోనైనా లోడ్ చేయనిచ్చే 'పై' (PIE) ఆప్షన్ అంటే నెమ్మది అనే మాట కూడా 32 బిట్ల ఇంటెల్ కాలం నాటిదే: ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోట్లైన, అసలే తక్కువగా ఉన్న రిజిస్టర్లలో ఒకటి దానికి పోయేది. 64 బిట్లలో ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఆధారంగానే అడ్రసులు లెక్కించవచ్చు కనుక ఆ ఇబ్బంది దాదాపు లేదు. అయినా బిల్డ్ ఆప్షన్లు రాసి ఉండే పాత మేక్‌ఫైళ్లను కాపీ చేస్తూ, ఆ భయాన్నీ వాటితోపాటే మోసుకొస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

నిజంగా ఖరీదైనవి లేవనను. ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక, దాన్ని అడ్డుకోవడానికి 2018లో వచ్చిన రెట్‌పోలిన్ ఆప్షన్, ఫంక్షన్ పాయింటర్లతో పిలుపులు ఎక్కువగా ఉన్న కోడ్‌ను గట్టిగానే దెబ్బతీస్తుంది. అక్కడ కూడా కొలిచాకే నిర్ణయించండి, అదీ రిలీజ్‌కు వాడే ఆప్టిమైజేషన్‌తోనే కొలవండి. బఫర్ హద్దు దాటి రాయడాన్ని పట్టుకునే ఫోర్టిఫై సోర్స్ ఆప్షన్, ఆప్టిమైజేషన్ లేని బిల్డ్‌లో అసలు పనిచేయదు.