సమాధానం: సీసాలో అంటార్కిటిక్ ఆల్చిప్పలు సుద్దలా పాలిపోతుంటే

మీరు అడిగినవి రెండు: ఫార్మలిన్‌లో (నమూనాలు పాడవకుండా ఉంచే ద్రవంలో) ఉంచిన 3 మి.మీ. అంటార్కిటిక్ ఆల్చిప్పలు ఎందుకు సుద్దలా తెల్లబడ్డాయి, ఒకదాని లోపల కనిపించిన బుల్లి చిప్పలు ఏమిటి అని.

మొదటిదానికి కారణం ఆమ్లం. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ నిలవ ఉండేకొద్దీ మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఇంత పల్చటి కాల్షియం కార్బొనేట్ చిప్ప దానికి ఆగదు. ముందు ఆ ద్రవం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) చూడండి. 7 కంటే తక్కువుంటే ఇవాళే బయటికి తీసేయండి. నీటితో బాగా కడిగి 30, 50, 70 శాతం ఇథనాల్‌లోకి వరుసగా మార్చండి, ఒక్కోదానిలో అరగంట. నేరుగా గాఢమైనదాంట్లో వేస్తే మెత్తటి శరీరం ముడుచుకుపోతుంది. కరిగిన పొర మాత్రం తిరిగి రాదు, అదే బాధ. ఇకపై ఫార్మలిన్‌లో బోరాక్స్ కలిపి పీహెచ్ 8 దగ్గర నిలపండి. డీఎన్ఏ కావాలంటే ఫార్మలిన్ జోలికే పోవద్దు, మొదటి నుంచీ 95 శాతం ఇథనాలే.

లోపలివి పరాన్నజీవులు కావు, పిల్లలు! సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్రజీవి) ముల్లు మీద దొరికిందన్నారు కాబట్టి అది లిస్సార్కా నోటోర్కాడెన్సిస్ అనే చిన్న ఆల్చిప్ప జాతి అయ్యుండొచ్చు. ఆ ముళ్లకు సన్నటి దారాలతో అతుక్కుని, పిల్లల్ని తన చిప్పలోనే పెంచుతుందది. వాటిని విడదీయకండి. తల్లితోపాటే ఒకే చిన్న సీసాలో ఉంచి, ఎన్ని ఉన్నాయో లేబుల్ మీద పెన్సిల్‌తో రాయండి.