నాన్న రానీ, చెప్తా!

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. చిన్నప్పుడు చాక్లెట్ ఇస్తానంటే చాలు, చెప్పినట్టు వినేవాడు. ఇప్పుడు వాళ్ల నాన్న ఎంత కొట్టినా భయం లేదు. మొన్న ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన సంతకం తనే పెట్టేసుకున్నాడు. నేను చూసి ఆయనకు చెబితే, మా ఆడపడుచు పిల్లల ముందే బెల్టుతో కొట్టారు. ఇంకా గట్టిగా ఉండాలా, హాస్టల్లో వేసేయాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: హాస్టల్ మాట పక్కన పెట్టండమ్మా. ఇంట్లో తెగనిది వార్డెన్ తెంచడు.

భయం లేనివాడు దొంగ సంతకం ఎందుకు పెడతాడు? దెబ్బలు తిని తిని, దొరక్కుండా ఎలా ఉండాలో నేర్చుకున్నాడు.

చాక్లెట్‌కు లొంగే వయసు వేరు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో మెదడు స్కాన్లతో చూస్తే, 8, 9 ఏళ్ల పిల్లల్లో ‘సరిగ్గా చేశావు’ అన్నప్పుడు మెదడు ఎక్కువ స్పందించింది, పెద్దవాళ్లలో ‘తప్పు’ అన్నప్పుడు. 11–13 ఏళ్లవాళ్లు ఈ రెంటికీ మధ్యలో ఉన్నారు. అంటే మీవాడికి తప్పు నుంచి నేర్చుకునే వయసు వచ్చింది. కానీ ఎక్కడ తప్పిందో ఎవరైనా చెప్పాలి కదా! బెల్టు ఆ సంగతి చెప్పదు. పైగా ఈ వయసులో తోటివాళ్ల మెప్పే పెద్ద బహుమతి. వాళ్ల ముందే పరువు తీస్తే, ఇక మీ మాట వాడి చెవికెక్కుతుందా?

‘నేను ఆయనకు చెబితే’ అని రాశారు చూడండి, అసలు సమస్య అక్కడుంది. సంతకం చూసింది మీరు, నిలదీయాల్సిందీ మీరే. మీవారు గుమ్మంలో కాలు పెట్టగానే కొడుకు మీద చాడీలు చెప్పడం తప్ప, వాడి గురించి మీ ఇద్దరి మధ్య ఇంకో మాట ఉందా? కొట్టడం ఆయన తప్పే, అందులో మొహమాటం లేదు. బడిలో టీచరే కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కానీ తల్లిగా మీకున్న అధికారాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది మీరు. ఆయన ముందు నోరు విప్పలేని తల్లి మాటకు పిల్లాడు విలువెందుకిస్తాడు?

ఈ రాత్రి వాడు పడుకున్నాక మీవారితో కూర్చోండి. ఇక చెయ్యెత్తొద్దని మీ నోటితో మీరే చెప్పండి. ఆదివారం ముగ్గురూ ఆన్సర్ షీట్లు ముందేసుకుని, మార్కులు ఏ లెక్క దగ్గర పోయాయో చూడండి. సంతకానికి శిక్ష ఉండాల్సిందే: క్లాస్ టీచర్ దగ్గరికి వాడే వెళ్లి ఒప్పుకోవాలి. మీరు తోడు వెళ్లండి గానీ, వాడి తరఫున మాట్లాడకండి. ఒప్పుకుని వచ్చాక ఆ సంగతి మళ్లీ ఎత్తొద్దు. మీ ఆడపడుచు దగ్గర అసలే ఎత్తొద్దు.