నా బరువు గుర్రం మోస్తుందా?

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 92 కిలోలు. వచ్చే నెల ఆఫీసు స్నేహితులతో కలిసి మొదటిసారి గుర్రపు స్వారీకి వెళ్తున్నాం. బుకింగ్ ఫారంలో ఎవరి బరువు వాళ్లు రాయాలి. ఆ ఫారం అందరి చేతుల్లోనూ తిరుగుతుంటే సిగ్గేసి 80 అని రాసేశాను. అప్పటినుంచీ నిద్ర పట్టడం లేదు. నా వల్ల గుర్రానికి ఏమైనా అవుతుందేమో, అందరి ముందూ నన్ను దింపేస్తారేమో అని ఒకటే టెన్షన్. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. కానీ ఈ రోజే వాళ్లకు ఫోన్ చేసి 92 అని చెప్పండి. అసలు బరువు ఎందుకు అడుగుతారో తెలిస్తే ఆ ఫోన్ చేయడం మీకు సులువవుతుంది.

మీరు రాసిన అంకె చూసే వాళ్లు మీకు గుర్రాన్ని కేటాయిస్తారు. స్వారీ చేసే మనిషి, జీను, బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. 1920లలో అమెరికా అశ్వికదళం పాటించిందీ ఇదే. 2008లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం చొప్పున బరువు పెట్టి స్వారీ చేయించి చూశారు. 25, 30 శాతం మోసిన తర్వాత వాటి కండరాల్లో నొప్పి, బిగుతు స్పష్టంగా ఎక్కువయ్యాయి.

మీ లెక్క చూద్దాం. మీరు 92, జీను సుమారు 10, బూట్లూ హెల్మెట్టూ బట్టలూ ఒక 3. మొత్తం 105 కిలోలు. అంటే కనీసం 525 కిలోల గుర్రం కావాలి. మీరు 80 అన్నారు కాబట్టి 93 కిలోలకు సరిపోతుందని వాళ్లు 470 కిలోల గుర్రాన్ని తెస్తే, పాపం అది 22 శాతానికి పైగా మోయాల్సి వస్తుంది. స్వారీ నేర్పేదాన్నిగా, మొదటిసారి ఎక్కేవాళ్ల విషయంలో నేను 20 దాకా కూడా వెళ్లను. అలవాటున్న మనిషి గుర్రం కదలికతో పాటు కదులుతారు. కొత్తవాళ్లు బిగుసుకుపోయి ఒక పక్కకు ఒరుగుతారు, ట్రాట్‌లో, అంటే గుర్రం కుదుపుతూ వేసే చిన్న పరుగులో, ఎగిరెగిరి పడతారు. అలా పడ్డ ప్రతిసారీ గుర్రం వీపు మీద పడే ఒత్తిడి మన బరువుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే మీకు 600 కిలోల దృఢమైన గుర్రాన్ని ఇస్తే నాకు మనశ్శాంతి. అంత బరువుండే గుర్రాలు అన్ని రైడింగ్ సెంటర్లలోనూ ఉండవు.

గుర్రం బరువు చెప్పమంటే కొందరు తడుముకుంటారు. అది తెలుసుకోవడానికి పెద్ద తూకం యంత్రం అక్కర్లేదు, కొలిచే టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అదే అంకెతో గుణించి, దాన్ని మళ్లీ భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా ఉన్న పొడవుతో గుణించాలి. కొలతలన్నీ సెంటీమీటర్లలో తీసుకుని, వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 180, పొడవు 165 ఉన్న గుర్రం 450 కిలోలన్నమాట.

అయితే బరువొక్కటే చూస్తే సరిపోదు. మనకున్నట్టు గుర్రానికి కాలర్ బోన్ ఉండదు. దాని ముందు కాళ్లు ఒంటికి అతుక్కుని ఉండేది కండరాలతోనే. ఆ కండరాలకు సాధన లేకపోతే పెద్ద గుర్రమైనా త్వరగా అలిసిపోతుంది. కొవ్వు పట్టి 600 తూగే గుర్రం ఎక్కువ మోస్తుందనుకోవడం కూడా పొరపాటే, అది అప్పటికే తన కొవ్వును మోస్తోంది. సత్తువ తగ్గిన ముసలి గుర్రాన్నీ కుంటే గుర్రాన్నీ ఎవరూ ఎక్కకూడదు, వాళ్లు 50 కిలోలే ఉన్నా సరే.

మీ ఉత్తరం చదువుతుంటే నేను శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో వచ్చిన ఒకమ్మాయి గుర్తొచ్చింది. అందరి మధ్యలో బరువెంతని అడిగాను. 70 అంది. ఒక చిన్న ఆడగుర్రాన్ని ఇచ్చాను. ఇరవై నిమిషాలు గడిచేసరికి అది చెవులు వెనక్కి వాల్చేసింది, తోక విసురుతోంది, చిన్న పల్లం దిగడానికి కూడా ఒప్పుకోవడం లేదు. జీను తీసి వీపు మీద చేత్తో నిమిరితే కండరం అదిరిపడింది. ఆ అమ్మాయి అసలు బరువు 90కి దగ్గర. ఏడ్చేసింది. తప్పు తనది కాదు, పదిమంది ముందు అడిగిన నాది. ఆ రోజు నుంచి ఒక్కొక్కరినీ జీన్లు పెట్టే గదిలోకి పిలిచి అడిగి, నేను తప్ప ఎవరూ చూడని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మిమ్మల్ని ఫారం మీద అలా రాయమనడం నాకు నచ్చలేదు. ఫోన్‌లో ఆ మాట కూడా చెప్పండి.

అదే ఫోన్‌లో, ఎక్కడానికి మెట్టు ఉందా అని తప్పకుండా అడగండి. నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కితే మన బరువంతా ఒక పక్కకే పడి, జీను మెలితిరిగి వెన్నును నొక్కేస్తుంది. సన్నగా ఉన్నవాళ్లైనా మెట్టు వాడాల్సిందే. ఎక్కాక ధబ్బున కూలబడకుండా, మెల్లగా కూర్చోండి. మొదటి రోజుకు అరగంట నడక చాలు. మీ తొడలకూ అదే మంచిది. కొద్దిగా మడమ ఉన్న బూట్లు వేసుకోండి, పాదం రికాబులోంచి ముందుకు జారిపోదు.

ఒకవేళ వాళ్లు వద్దంటే, మీకు సరిపడే గుర్రం వాళ్ల దగ్గర లేదని అర్థం. అంతే. ఇంకోచోట ఉంటుంది. మీ అసలు బరువు విని కూడా ‘ఏం పర్లేదు, ఏదో ఒకటి ఎక్కండి’ అనే చోటికి మాత్రం వెళ్లకండి. బరువు గురించి పట్టించుకోనివాళ్లు గుర్రం డెక్కల గురించీ, మీ హెల్మెట్ గురించీ కూడా పట్టించుకోరు.

ప్రశ్న: మా పాప వయసు 10, బరువు 28 కిలోలు. వారం వారం పోనీ (పొట్టి గుర్రం) మీద స్వారీ నేర్చుకుంటోంది. పోనీ 200 కిలోలు ఉంటుందట. నేను 71 కిలోలు. ఫొటో కోసం ఒక్క నిమిషం దాని మీద కూర్చోవచ్చా?

జవాబు: వద్దండీ. 200 కిలోల పోనీ జీనుతో కలిపి 40 కిలోలు మోయగలదు. మీ పాపకు, తన చిన్న జీనుతో కలిపినా, అది సరిపోతుంది. మీరు పగ్గం పట్టుకుని పక్కన నిలబడండి, ఫొటోలో ముగ్గురూ బాగా పడతారు.